మాటల లెక్కలు, అంకెల వరసలు: ఇంటి దగ్గర పిల్లలకు నేర్పే పద్ధతి

పదహారో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్ల చేతిలో నాలుగు వాక్యాల లెక్క ఒకటి పెట్టండి. నా మొహం వంక చూసి అడిగే మొదటి మాట ఇదే: "కూడాలా, తీసెయ్యాలా మేస్టారూ?"

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీద సాయంత్రం పూట కూర్చునే పిల్లలు చాలామంది ఇదే అడుగుతారు. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, గైడు పుస్తకంలో సగం ఇంగ్లీషు. వాళ్ళకి లెక్క రాక కాదు, ఆ లెక్కలో ఎవరికి ఏమైందో బోధపడక ఆగిపోతారు. అందుకని నేను గణితం కంటే ముందు మాట దగ్గర మొదలుపెడతాను. అమ్మానాన్నలు ఇంట్లో చెప్పుకోవడానికి వీలుగా ఆ వరసలోనే రాస్తున్నాను.

ముందుగా ఈ రెండు రకాల లెక్కలు ఎక్కడ అవసరమో చెబుతాను. ఐదో తరగతి పిల్లలు రాసే నవోదయ ప్రవేశ పరీక్షలో అంకగణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. అందులో మాటల లెక్కలు బాగానే వస్తాయి. ఎనిమిదో తరగతి వాళ్ళ ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు పరీక్షలో మెంటల్ ఎబిలిటీ పేపరు 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంకెల వరసలు, అంటే ఇచ్చిన అంకెల తర్వాత ఏది వస్తుందో చెప్పమనేవి, అక్కడ తగులుతాయి. ప్రశ్నకి నిమిషం అంటే, చూడగానే ఏ దారిన వెళ్ళాలో తెలిసి ఉండాలి.

మొదట పెన్ను కింద పెట్టించండి

లెక్క చదివాక పిల్ల దాన్ని తన మాటల్లో కథలా చెప్పాలి. అంకెలు లేకుండా చెప్పగలిగితే ఇంకా మంచిది. ఈ లెక్క చూడండి:

రమణ దగ్గర 48 జీడిపిక్కలు ఉన్నాయి. అవి తమ్ముడి దగ్గర ఉన్నవాటికంటే 12 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని ఉన్నాయి?

పదిమందికి ఇస్తే ఆరేడుగురు 60 అని రాస్తారు. "ఎక్కువ" అనే మాట కనిపించింది, కూడేశారు. ఈ జబ్బు మనం అంటించిందే. "మొత్తం అంటే కూడిక, మిగిలింది అంటే తీసివేత, ఎక్కువ అంటే కూడిక" అని చిట్కా పట్టిక గోడకి అంటించి మరీ నేర్పుతాం. మూడో తరగతిలో అది పనిచేసినట్టే ఉంటుంది. నాలుగులో ముంచేస్తుంది. ఆ పట్టిక మీ ఇంట్లో ఉంటే ఇవాళే చింపెయ్యండి.

ఆ పిల్లలనే "అంకెలు వదిలెయ్, ఎవరి కాడ ఎక్కువున్నాయో చెప్పు" అని అడిగాను. ఒక గుంటడు ఠక్కున అన్నాడు: "అన్న కాడ ఎక్కువ, తమ్ముడి కాడ తక్కువ. అయితే అరవై ఎలాగవుద్ది?" తప్పు వాడే పట్టుకున్నాడు. 48 లోంచి 12 తీస్తే 36. మళ్ళీ కథలో పెట్టి చూస్తే 36కి 12 కలిపితే 48, సరిపోయింది.

మన వైపు పిల్లలకి ఇంకో చిక్కుంది. ఒడియాలో "ఠారు" అన్న ఒక్క ముక్కే మన "నుంచి"కీ, మన "కంటే"కీ పనికొస్తుంది. ఇంటి నుంచి బడి అన్నా ఠారే, రాముడి కంటే శ్యాముడు పెద్ద అన్నా ఠారే. ఒడియా పుస్తకంలో లెక్క చదివే తెలుగు పిల్ల ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే, పోలికని తీసివేతగానో, తీసివేతని పోలికగానో పొరబడుతుంది. కాబట్టి ఆ మాట వచ్చిన ప్రతిచోటా "ఇక్కడ నుంచియా, కంటేయా?" అని అడగండి. ఓ నెల రోజులు విసుగ్గానే ఉంటుంది, తర్వాత అదే అలవాటైపోతుంది.

అంకె సరిగ్గా వినబడిందో లేదో చూడండి

నోటి లెక్కలు చెప్పేటప్పుడు ఇది ముఖ్యం. తెలుగులో 29 అంటే ఇరవై, ఆపైన తొమ్మిది. ఒడియాలో అది "అణతిరిశి", ముప్పైకి ఒకటి తక్కువ అన్నట్టు. తిరిశి అనగానే పిల్ల చెవికి ముప్పై వినబడి 39 రాసేస్తుంది. 39కి "అణచాళిశి", అక్కడ నలభై వినబడి 49 పడుతుంది. అంకె తప్పు విన్న పిల్ల లెక్కంతా సరిగ్గా చేసి జవాబు తప్పు రాస్తుంది, మనమేమో లెక్క రాదని తిడతాం. రాతలో కూడా, ఒడియా నాలుగు అంకెని హడావిడిగా రాస్తే ఇంగ్లీషు ఎనిమిదిలా కనబడుతుంది.

కొండల మీంచి వచ్చే సవర పిల్లలది మరో లెక్క. వాళ్ళ భాషలో పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో పేరు, పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. ఇరవై వచ్చాక ఇరవైల్లో లెక్క: 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది ఈ ఊళ్ళో ఉంటూనే. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి, "పదమూడు అంటే పది, మూడు కదా, ఇంత తెలీదా" అని ఏ పిల్లవాణ్ణీ అనలేదు నేను.

ఏం అడిగారో గీత గీయించండి

ఆఖరి వాక్యం కింద గీత. జవాబు రూపాయలా, కిలోలా, మనుషులా అన్నది పక్కన రాయాలి. అంకెలు ఉన్నాయి కదా అని అన్నీ వాడక్కర్లేదని కూడా ఇక్కడే తెలియాలి. నేను అప్పుడప్పుడు ఒక దొంగ లెక్క ఇస్తాను: సంతకి 25 మేకలు, 10 గొర్రెలు తోలుకొచ్చిన కాపరి వయసెంత? "ముప్పై ఐదు" అని చెప్పేవాళ్ళు ప్రతి ఏడూ దొరుకుతారు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళే మర్నాడు మరో లెక్కలో అదే పని చేస్తారు.

బొమ్మ గీస్తే సగం లెక్క అయిపోయినట్టే

అక్కాచెల్లెళ్ళు ఇద్దరికీ కలిపి 540 రూపాయలు. అక్కకి చెల్లి కంటే 60 ఎక్కువ. ఎవరికెంత?

ఎక్స్ అనుకోమని ఐదో తరగతి పిల్లకి చెప్పకండి. పలక మీద చెల్లికి ఒక గీత గీయించండి. దాని కింద అక్కకి అంతే గీత, చివర చిన్న తోక. తోక 60. రెండు గీతలూ, తోకా కలిస్తే 540. తోకని వేలితో చెరిపెయ్యమనండి. మిగిలింది 480, రెండు సమాన గీతలు. ఒక్కోటి 240. చెల్లికి 240, అక్కకి 300.

చాలామంది 540ని సగం చేసి 270, దానికి 60 కలిపి 330, తీసి 210 అంటారు. కలిపితే 540 వస్తుంది కాబట్టి సరే అనుకుంటారు. తేడా చూస్తే 120. జవాబుని కథలోని ఒక్క షరతుతో సరిచూస్తే చాలదు, అన్ని షరతులూ చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు.

గీతలు ఒంటబట్టాయో లేదో తెలియాలంటే ఇది ఇవ్వండి: పెన్నూ, రీఫిల్లూ కలిపి 11 రూపాయలు. పెన్ను ధర రీఫిల్ కంటే 10 రూపాయలు ఎక్కువ. రీఫిల్ ఎంత? రూపాయి అని నోటికొచ్చేస్తుంది పెద్దవాళ్ళకి కూడా. గీత గీసినవాళ్ళకి మాత్రం అర్ధరూపాయి.

వయసు లెక్కలకీ ఇదే గీత. అమ్మ వయసు కొడుకు వయసుకి నాలుగు రెట్లు, ఇద్దరికీ తేడా 27 ఏళ్ళు. కొడుకుది ఒక ముక్క, అమ్మవి నాలుగు ముక్కలు, తేడా మూడు ముక్కలు. ముక్క 9. కొడుక్కి 9, అమ్మకి 36. మరి ఎన్నేళ్ళకి అమ్మ వయసు రెట్టింపు మాత్రమే అవుతుంది? ఏళ్ళు గడిచినా మారనిది తేడా ఒక్కటే. రెట్టింపు కావాలంటే కొడుక్కి 27 రావాలి, అంటే 18 ఏళ్ళకి.

శేషం ఎటు పోతుంది?

మహేంద్రగిరికి 37 మంది పిల్లలు వెళ్ళాలి. జీపుకి ఎనిమిదిమంది. 37ని 8తో భాగిస్తే 4, శేషం 5. ఇదే భాగహారానికి మూడు రకాల జవాబులున్నాయి. నిండిన జీపులు ఎన్ని అంటే 4. ఆఖరి జీపులో ఎందరు అంటే 5. ఎన్ని జీపులు కావాలి అంటే 5. "నాలుగు జీపులు, శేషం ఐదు" అని రాసినవాడికి నేను చెప్పేది ఒకటే: ఆ ఐదుగురినీ కొండకింద వదిలేసి వెళ్ళమని వాళ్ళమ్మలకి నువ్వే చెప్పు.

గుంజలకీ సందులకీ తేడా

60 మీటర్ల కంచెకి ఐదేసి మీటర్లకి ఒక గుంజ పాతాలి. ఎన్ని గుంజలు? 12 అంటారు. 12 అనేది సందుల లెక్క, గుంజలు 13. చెయ్యి చాపి చూపించండి: వేళ్ళు ఐదు, మధ్య సందులు నాలుగు. అదే 60 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి చెరువు అయితే 12 గుంజలే, ఎందుకంటే ఆఖరి సందు వచ్చి మొదటి గుంజకే కలుస్తుంది. ఈ వేళ్ళ సంగతి బాగా గుర్తుపెట్టుకోమనండి, వరసల్లో మళ్ళీ వస్తుంది.

రైలు లెక్క

నౌపడ నుంచి గుణుపురానికి రైలు దారి 90 కిలోమీటర్లు. 1900లో రాజావారి హయాములో పర్లాకిమిడి దాకా పడిన చిన్న పట్టాలు 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజి అయ్యాయి. ఆ దారి మీద ఒక ఊహా బండి: వెళ్ళేటప్పుడు గంటకి 30 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 45. సగటు వేగం ఎంత?

30, 45 కలిపి సగం చేసి 37న్నర అనడం మామూలు. కథ చెప్పించండి. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి రెండు. అంటే బండి నెమ్మదిగా నడిచిన సమయమే ఎక్కువ. మొత్తం 180 కిలోమీటర్లు, 5 గంటలు, కాబట్టి సగటు 36. సగటు మెల్లటి వేగం వైపు ఎందుకు వాలిందో పిల్ల తన నోటితో చెప్పిందా, ఇక సూత్రం అక్కర్లేదు.

ఇక అంకెల వరసలు

వరస చూడగానే జవాబు తట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యండి. తట్టని మిగతావాళ్ళం ఒక క్రమం పెట్టుకుంటే చాలు.

మొట్టమొదట పక్కపక్క అంకెల మధ్య తేడాలు కింద వరసలో రాయాలి. మనసులో కాదు, కాగితం మీద. 3, 7, 11, 15 అయితే తేడా అంతటా 4, తర్వాతది 19. తేడాలు సమానంగా లేకపోతే ఆ తేడాల కింద వాటి తేడాలు. 2, 5, 10, 17, 26కి తేడాలు 3, 5, 7, 9. వాటి మధ్య తేడా 2. కాబట్టి తర్వాతి తేడా 11, జవాబు 37. ఇదే వరసని 1, 4, 9, 16, 25లకి ఒక్కోటి కలిపినట్టు చూసినా అదే వస్తుంది. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే ధైర్యం.

ఇక్కడ కాసేపు ఆగి ముగ్గు వెయ్యాలి. మా అమ్మ పండగ నెలలో వాకిట్లో కూర్చుని "తొమ్మిది చుక్కలు, సందు చుక్క, ఐదు వరకు" అని గొణుక్కుంటూ పెట్టేది. మధ్య వరసలో 9 చుక్కలు. పైన సందుల్లో 8, ఆ పైన 7, 6, 5. కిందా అంతే. మొత్తం ఎన్ని? మధ్యది 9, పైన 26, కింద 26, కలిపి 61. ఇప్పుడు దీనికంటే చిన్న ముగ్గులు వేయించండి: ఏడు నుంచి నాలుగు వరకు అయితే 37, ఐదు నుంచి మూడు అయితే 19, మూడు నుంచి రెండు అయితే 7, ఒంటి చుక్క 1.

1, 7, 19, 37, 61. తేడాలు 6, 12, 18, 24. తర్వాత 30 వస్తుందని ఎవరైనా చెప్పగలరు, జవాబు 91. పదకొండు నుంచి ఆరు వరకు చుక్కలు పెట్టి లెక్కపెట్టండి, 91 వస్తాయి. ఈ తేడాలు ఎక్కడివంటే, చిన్న ముగ్గు చుట్టూ ఒక్క చుట్టు చుక్కలు పెడితే పెద్ద ముగ్గు అవుతుంది. ఆ చుట్టులో చుక్కలు మొదట 6, తర్వాత 12, తర్వాత 18. వరస అంటే కాగితం మీద అంకెలు మాత్రమే అనుకునే పిల్లకి, అది వాకిట్లో పెరగడం చూపించాక ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఎదురు చుక్కల ముగ్గుతో (వరసకి రెండేసి చుక్కలు తగ్గుతూ ఒకటి వరకు) ఇంకో వరస వస్తుంది: 1, 5, 13, 25, 41. దాని తేడాలు ఏమిటో వాళ్ళనే చూడమనండి.

తేడాలు గబగబా పెరిగిపోతుంటే రెట్లు చూడాలి. మన పాత కొలతలు గుర్తున్నవాళ్ళకి ఇది ఇంట్లోదే. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం: ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. గిద్దల్లో చెబితే 1, 2, 4, 8, 16, 32, 64. చదరంగం బల్ల మీద 64 గడుల్లో ఇలా రెట్టింపు చేస్తూ గింజలు పోస్తే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలున్న ఈ సంఖ్యని అంకెకో మాట చొప్పున ఒక తెలుగు పద్యంలో ఇమిడ్చారు, పాతకాలపు గణిత కవి పావులూరి మల్లన పేరు మీద చెప్పుకుంటారు. శర అంటే 5, శశి అంటే 1, ఇలా ఒకట్ల స్థానం నుంచి ఎడమకి చదువుకుంటూ పోవాలి.

రెట్టింపుకి చిన్న మెలిక పెట్టడం పరీక్షలవాళ్ళకి ఇష్టం. 3, 7, 15, 31 అంటే రెట్టింపు చేసి ఒకటి కలపడం, తర్వాత 63. ఇక్కడ కూడా తేడాలు రాస్తే 4, 8, 16 అని దొంగ దొరికిపోతాడు.

అంకెలు ఓసారి పెరిగి, ఓసారి తగ్గుతుంటే అది రెండు వరసలు కలిపి పేనిన తాడు. 4, 20, 7, 18, 10, 16: ఒకటి విడిచి ఒకటి చదవండి. 4, 7, 10 ఒకటి. 20, 18, 16 ఇంకొకటి. తర్వాతి రెండూ 13, 14.

తేడాల వరసలో అసలు వరసే మళ్ళీ కనిపిస్తే, ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తోందన్నమాట. 2, 5, 7, 12, 19, 31కి తేడాలు 3, 2, 5, 7, 12. తర్వాతది 50. 0, 7, 26, 63 లాంటివి చూసినప్పుడు ఘనాలు గుర్తుకు రావాలి: 1, 8, 27, 64లో ఒక్కోటి తక్కువ, తర్వాత 124. ఇందుకోసం 20 దాకా వర్గాలు, 10 దాకా ఘనాలు కంఠతా రావాల్సిందే. బట్టీ మంచిది కాదని నేనూ అంటాను కానీ, ఇది మినహాయింపు.

మధ్యలో ఖాళీ ఇస్తే భయపడక్కర్లేదు. 8, 15, ఖాళీ, 29, 36. చివర్ల తేడా 28, మధ్య అడుగులు నాలుగు, అడుగుకి 7. ఖాళీలో 22. తప్పు అంకె పట్టుకోమంటే: 6, 12, 24, 46, 96లో 46 ఉండాల్సింది 48.

ఇప్పుడు వేళ్ళ సంగతి. 3, 7, 11, 15 వరసలో ఇరవయ్యో సంఖ్య ఎంత? 3కి 20 నాలుగులు కలిపి 83 అంటారు. ఇరవై సంఖ్యల మధ్య అడుగులు 19 మాత్రమే. 19 నాలుగులు 76, దానికి 3 కలిపితే 79. కంచె గుంజలు సరిగ్గా లెక్కపెట్టిన పిల్ల ఇక్కడ తప్పు చెయ్యదు.

నిజాయితీగా చెప్పాల్సినది ఒకటుంది. 1, 2, 4 తర్వాత ఏమిటి అని మూడు అంకెలే ఇస్తే 8 అన్నా ఒప్పే, 7 అన్నా ఒప్పే (తేడాలు 1, 2, 3). వలయం మీద చుక్కలు పెట్టి, ఏ మూడు గీతలూ ఒకేచోట కలవకుండా చూసుకుంటూ ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో కలిపితే వలయం ముక్కలవుతుంది. ముక్కల లెక్క 1, 2, 4, 8, 16. ఆరో చుక్క పెట్టేసరికి 32 కాదు, 31. నేను మొదటిసారి గీసినప్పుడు తప్పు లెక్కపెట్టాననుకుని మూడు కాగితాలు ఖరాబు చేశాను. పరీక్షలో మాత్రం ఇచ్చిన అంకెలన్నిటికీ సరిపోయే సూత్రాల్లో అన్నిటికంటే సాదాదే ఎంచుకోవాలి. రెండు సూత్రాలు సరిపోతే, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏది ఉందో చూడాలి.

ఈ వారానికి నాలుగు

సంతకి తెచ్చిన అనాసపళ్ళలో పొద్దున సగం అమ్ముడుపోయాయి. మధ్యాహ్నం ఇంకో 9 పోయాయి. సాయంత్రానికి 15 మిగిలాయి. ఎన్ని తెచ్చారు?

7, 10, 16, 28, 52 తర్వాత?

90, 5, 80, 10, 70, 15 తర్వాత రెండూ?

2, 3, 5, 8, 12, 17 తర్వాత?

చివరి మూడింటి జవాబులు వరసగా: 100; 60, 20; 23. అనాసపళ్ళ లెక్కని మాత్రం సాయంత్రం నుంచి పొద్దుటికి వెనక్కి నడిపించండి: 15కి ఆ 9 తిరిగి బుట్టలో వేస్తే 24, అది తెచ్చినవాటిలో సగం. అంటే 48. మొన్న ఒకమ్మాయి అంతా విని, "సాయంత్రం ధర తగ్గించి అమ్మేస్తారు కదా మేస్టారూ, పదిహేను ఎందుకు మిగుల్తాయి?" అంది. కథ బాగానే బుర్రకెక్కిందని ఊరుకున్నాను.